గ్లాసు నిలవాల

కృష్ణపట్నం రేవుకి ఎగువన
కండలేరు కాస్త వెడల్పయ్యే చోట
రెండు మోటారు బోట్లు కట్టేసుండాయి.
ఒకటి తెల్లది.
ఒకటి, ఏ రంగో దానికే గుర్తులేనిది.

రొయ్యల గుంటల మీద నాలుగేళ్ళు కలిసొచ్చి
మస్తాన్‌రెడ్డి గారికి ఒక మోజు పుట్టింది,
చుట్టాల్ని నీళ్ళ మీద తిప్పాలని.
"పోలేరయ్యా, నువ్వు చెప్పిందే కొంటా" అన్నాడు.
ముప్పై ఏళ్ళు మరబోటు సరంగుని.
నా మాటకి ఇంత ఖరీదు కట్టింది ఈయనొక్కడే.

తెల్లది ముందు.
రెండు ఇంజన్లు. తాళం తిప్పగానే
కోడెదూడ పలుపు తెంపుకున్నట్టు దూకింది.
మడచెట్లు వెనక్కి పరిగెత్తినాయి.
కొంగలు రెక్క విప్పేలోగా
వాటి నీడల్ని దాటేసినాం.
అరవయ్యేళ్ళ గుండె, సిగ్గు లేకుండా,
పద్దెనిమిదేళ్ళ కేక పెట్టింది.
సీట్లు మెత్తన. ఏసీ చల్లన.
రెడ్డిగారు పక్కనుంచి ఏందో అంటుండాడు,
పెదాలు కదిలేది కనపడతా ఉండాది,
మాట మాత్రం ఇంజను తినేసింది.
గట్టు మీద కొనుక్కొచ్చిన టీ గ్లాసు బల్ల మీద పెడితే
సగం టీ బ్రోకరు చొక్కా తాగింది.

రెండోది టేకుది.
ఎవరో మలయాళీ ఆయన చేయించుకుని
ఆ యేడే అప్పులపాలై వదిలించుకున్నాడంట.
ఒకటే ఇంజను. దగ్గి దగ్గి లేచింది,
తెల్లారి లేచి గొంతు సవరించుకునే తాతలాగా.
లేచినాక ఒకటే మాట, టకటక టకటక.
గంటకి ఏడు మైళ్ళు. అంతకు మించి అడిగితే పొగ.
పన్నెండు మంది బాసింపట్టు వేసుకునేంత వెడల్పు.
మళ్ళీ గ్లాసు పెట్టినా.
టీ మీద ఆకాశం కొంచెం వణికింది, అంతే.

"తెల్లదే" అన్నాడు రెడ్డిగారు. "చూసినోళ్ళు మెచ్చుకోవాల."
"చూసేవోళ్ళు గట్టు మీదుంటారు సామీ,
ఎక్కేవోళ్ళు కదా మీ చుట్టాలు."
అనేసి నాలుక కరుచుకున్నా.
నిజానికి నాకూ తెల్లదే కావాల.

అప్పుడు కారు దిగొచ్చింది వసుంధరమ్మ,
చెప్పులు చేత పట్టుకుని, బురదలో.
రెండింటినీ ఈ చివరనుంచి ఆ చివరకి చూసి
ఒకటే అడిగింది:
"ఆడోళ్ళకి ఒంటికి వస్తే యాడికి పోవాల?"

బ్రోకరు నేల చూసినాడు.
రెడ్డిగారు ఫోను చూసినాడు.
నేను సముద్రం వైపు చూసినా.
ముప్పై ఏళ్ళు నాకు అదే జవాబు.
ఇంకో జవాబు కావలసిన మనిషి
నా బోటు ఎప్పుడూ ఎక్కలా.

తెల్లదాంట్లో గది ఉండాది.
ఆమె లోపలికి పోయి, మోకాళ్ళు తలుపుకి కొట్టుకుని,
"మా అత్త ఇందులో కూర్చుంటే
లేపేదానికి రేవులో క్రేను రావాల" అంటా బయటికొచ్చింది.
టేకుదాంట్లో గదే లేదు.
వెనకమాల రెండు మంచాలంత జాగా మాత్రం ఉండాది.
అడుగులేసి కొలిచింది. నాలుగు. ఆరు.
"ఈడ కట్టించండి. గాలికి కిటికీ. పట్టుకోను కమ్మీ."
బేరం అక్కడే అయిపోయింది.
తెల్లదాన్ని మద్రాసోళ్ళు తోలుకుపోయినారు.

చలి తగ్గినాక మొదటి షికారు. పదకొండు మంది.
అత్తగారు కమ్మీ పట్టుకుని పోయొచ్చి
"మనింట్లో దానికంటే బాగుండాదే" అని అందరికీ చెప్పింది.
పులుసు తపేలా చుట్టూ మాటలు,
ఒకరిది ఒకరికి వినపడతా.
బావామరదుల మధ్య పాత పొలం తగాదా ఒకటి
లేచింది, అరిచింది, టకటకల్లోనే చల్లారింది.
ఏడు మైళ్ళ బోటులో అలిగి యాడికి పోతారు?

అంతలో మొగ వైపునుంచి
తెల్లది ఒకటి, అదేనో కాదో తెలవదు,
నీళ్ళ మీద గీత గీసి మాయమైంది.
దాని అల మా దాకా రావడానికి చానాసేపు పట్టింది.
వచ్చి, ఎత్తి, దించింది.
నా పక్కన గ్లాసు పడిపోయింది.

"ఏమైంది పోలేరయ్యా?"
"ఏం లేదమ్మా, ఇంజను చూసొస్తా."

ఇంజను బాగానే ఉండాది.
కాసేపు దాని పక్కనే కూర్చున్నా.